చెరిపేసినవీ, అసలు రాయనివీ

ఎవరు రాశారో తెలియని పాఠాల్ని చదవడం మనకి కొత్తేమీ కాదు. తిరగలి దగ్గరా, రోటి దగ్గరా, పురిటి మంచం దగ్గరా పుట్టిన పాటల్ని కర్త పేరు లేకుండానే సేకరించుకున్నాం, వాటిమీద పరిశోధనలు చేశాం. పేరు లేకపోవడం ఆ పాటలకి పుట్టుకతో వచ్చిన గుణం కాదనీ, పేర్లు రాసిపెట్టే పని ఎవరి చేతుల్లో ఉందో దాన్ని బట్టి జరిగిందనీ కూడా గుర్తించాం. నేను కొన్నేళ్లుగా చదువుతున్న పాఠాలు మాత్రం పాటలూ కావు, తాళపత్రాలూ కావు. అవి పాత కంప్యూటర్ల మెమరీ చిప్పుల్లో ఉన్నాయి.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. సాయంత్రాలు, సెలవు రోజులు ఈ చిప్పులతో గడుపుతాను. ఈ పనిని రివర్స్ ఇంజనీరింగ్ అంటారు. వండిన కూరని రుచి చూసి అందులో ఏమేం పడ్డాయో, ఏది ముందు పడిందో, ఏది తర్వాత పడిందో చెప్పడం లాంటిదని నా విద్యార్థినులకి చెబుతుంటాను. యంత్రం తయారు చేసిన కంపెనీ మూతపడింది. కాగితాలు తుక్కులోకి పోయాయి. చేసినవాళ్లు రిటైరయ్యారు. మిగిలింది యంత్రం ఒక్కటే. అదేం చెబుతుందో వినాలి.

యంత్రానికి స్విచ్ వెయ్యగానే ఏం చెయ్యాలో చెప్పే మొదటి ప్రోగ్రాం దాని ఒంట్లోనే ఉంటుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. డెబ్బైల్లో, ఎనభైల్లో ఈ ఫర్మ్‌వేర్ ఎక్కువగా ఎప్రామ్ అనే రకం చిప్పుల్లో ఉండేది. 1971లో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమాన్ దీన్ని తయారుచేశాడు. మొదటి చిప్పులో పట్టేది 256 బైట్లే. నేను చెప్పబోయే కథలోని 2764 చిప్పులో 8192 బైట్లు పడతాయి. ఈ చిప్పుల నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. మామూలు గాజు అతినీలలోహిత కిరణాల్ని ఆపేస్తుంది గనక అక్కడ క్వార్ట్జ్ వాడతారు. ఆ కిటికీలోంచి అతినీలలోహిత కాంతి పడితే లోపల రాసిందంతా చెరిగిపోతుంది, మళ్లీ కొత్తగా రాసుకోవచ్చు. అందుకే రాయడం అయ్యాక కిటికీ మీద కాగితం అంటిస్తారు. ఆ కాగితం ఊడిపోతే నేరుగా ఎండ తగిలి వారం రోజుల్లో, గదిలో ట్యూబ్‌లైటు వెలుగు తగిలి మూడేళ్లలో చిప్పు చెరిగిపోవచ్చని తయారీదారుల పత్రాల్లోనే రాసి ఉంటుంది.

ఇక్కడే నన్ను ఎన్నాళ్లుగానో వెంటాడుతున్న ఒక విషయం ఉంది. ఈ చిప్పులో రాయడమంటే లోపలి అరల్లో కొన్నిటిలో విద్యుదావేశాన్ని బంధించడం. ఆవేశం ఉన్న అర సున్నా, లేని అర ఒకటి. కొత్త చిప్పులో అన్నీ ఒకట్లే. పూర్తిగా చెరిపేసిన చిప్పులోనూ అన్నీ ఒకట్లే. చదివే పరికరంలో పెట్టి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒక ఖాళీ కనబడినప్పుడు, అక్కడ ఎవరూ ఏమీ రాయలేదా, రాసిందాన్ని ఎవరైనా చెరిపేశారా అన్నది ఆ ఖాళీని చూసి చెప్పలేం. స్త్రీల చరిత్ర మీద పని చేసేవాళ్లకి ఈ ఇబ్బంది కొత్తగా వివరించక్కర్లేదు.

కంప్యూటర్ల చరిత్రలో ఈ ఇబ్బంది మొదట్నుంచీ ఉంది. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో ఎనియాక్ యంత్రాన్ని లోకానికి చూపించారు. ఆ ప్రదర్శన కోసం ఫిరంగి గుండు దారిని లెక్కగట్టే ప్రోగ్రాంని సిద్ధం చేసింది స్త్రీలు. ఆ యంత్రానికి మొదటి ప్రోగ్రామర్లు ఆరుగురు, కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. వాళ్లకి ఎవరూ పాఠ్యపుస్తకం ఇవ్వలేదు. అలాంటిది లేనే లేదు. యంత్రం తాలూకు సర్క్యూట్ పటాలు చేతికిచ్చారు. వాటిని పరుచుకుని, అది ఎలా పనిచేస్తుందో వాళ్లే వెనక్కి తవ్వి తెలుసుకున్నారు. ఇవాళ నేను చేస్తున్న పనికి పూర్వీకులెవరంటే నేను వీళ్లనే చెబుతాను. ఎనభైల్లో కాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫోటోల్లో ఈ స్త్రీలని చూసి, వీళ్లెవరని అడిగితే, యంత్రం అందంగా కనబడటానికి నిలబెట్టిన మోడల్స్ అని జవాబొచ్చింది. ఫ్రిజ్ ప్రకటనల్లో తలుపు తెరిచి చూపించే అమ్మాయిల్లాంటివాళ్లని. ఫోటోలో మనిషి కనబడుతూనే ఉంది, చేసిన పని మాత్రం మాయమైపోయింది.

ఇంకొంచెం ముందుకొస్తే అపోలో. చంద్రుడి మీదకి వెళ్లిన నౌకలోని కంప్యూటర్ ప్రోగ్రాంని అక్షరాలా చేత్తో నేశారు. మసాచుసెట్స్‌లోని వాల్తామ్‌లో రేథియాన్ కర్మాగారంలో స్త్రీలు సన్నటి తీగెని చిన్న చిన్న అయస్కాంత వలయాల్లోంచి దూర్చారు. వలయంలోంచి వెళితే ఒకటి, పక్కనించి వెళితే సున్నా. ఆరు పెట్టెల్లో మొత్తం 36,864 పదాల ప్రోగ్రాం. ఒక్క తీగె దారి తప్పితే నౌకకే ప్రమాదం. ఆ ఊళ్లో గడియారాల కర్మాగారం, ఆ చుట్టుపక్కల నేత మిల్లులు ఉండేవి. సన్నపని చేసిన చేతులు అక్కడ దొరికాయి. ఇంజనీర్లు ఆ మెమరీకి ముద్దుగా ‘ముసలమ్మల మెమరీ’ అని పేరు పెట్టుకున్నారు. ముద్దుపేరులో శ్రమకి గుర్తింపు ఉన్నట్టే ఉంటుంది, పేర్లు మాత్రం ఉండవు. అదే అపోలోకి సాఫ్ట్‌వేర్ విభాగాన్ని నడిపిన మార్గరెట్ హామిల్టన్ పేరు ఆలస్యంగానైనా అందరికీ తెలిసింది, 2016లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా పతకం అందుకుంది. నేసినవాళ్ల పేర్లకి ఆ అదృష్టం పట్టలేదు. న్యూమెక్సికోలోని షిప్‌రాక్‌లో 1965 నించి 1975 దాకా ఫెయిర్‌చైల్డ్ కంపెనీ నవాహో స్త్రీల చేత చిప్పులు చేయించింది. 1969 నాటి కంపెనీ పుస్తకంలో వాళ్లు నేసే రగ్గుని, చిప్పుని పక్కపక్కన బొమ్మలుగా వేసింది. అలా పోల్చడం వల్ల ఆ నైపుణ్యం నేర్చుకున్న విద్య కాకుండా జాతికీ, ఆడతనానికీ సహజంగా అబ్బిన గుణం అయిపోయింది. సహజంగా వచ్చేదానికి జీతం ఎందుకు పెంచాలి? లీసా నాకమూరా 2014లో రాసిన వ్యాసంలో ఈ విషయాన్ని చాలా బలంగా చర్చించారు.

ఇవన్నీ చదివి, క్లాసుల్లో చెబుతూ ఉన్న నాకు, మా ఇంట్లోనే అలాంటి మనిషి ఉన్న సంగతి చాలాకాలం ఒక కబురుగా మాత్రమే తెలుసు.

మా పిన్ని 1984 నించి మూడేళ్లకి పైగా హైదరాబాదులో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ట్రేసర్‌గా పనిచేసింది. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు కాబట్టి చెప్పాలి. ఇంజనీర్లు పెన్సిల్‌తో వేసిన డ్రాయింగుని పారదర్శకమైన కాగితం మీద ఇండియన్ ఇంకుతో తిరిగి గీసేవాళ్లు ట్రేసర్లు. డ్రాయింగ్ ఆఫీసులో అందరికన్నా కింది మెట్టు. పిన్నిది రోజుకూలీ లెక్కన వేసిన తాత్కాలిక ఉద్యోగం. ఆ కంపెనీ అప్పట్లో భారతీయ భాషల్లో పనిచేసే టెర్మినల్ తయారు చేస్తోంది. తెలుగు అక్షరాల్ని తెర మీద చుక్కలుగా చూపించాలి. ఆ చుక్కలు ఎవరో ఒకరు పెట్టాలి కదా. గళ్ల కాగితం మీద 16 అడ్డం, 16 నిలువు గళ్లలో అక్షరం ఇమడాలి. ఆ పని ట్రేసింగ్ సెక్షన్‌కి వచ్చింది.

“కంప్యూటర్లో తెలుగు అక్షరాలు నేను పెట్టాను” అని పిన్ని పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఒకటి రెండుసార్లు అనడం నేను విన్నాను. బాబాయి నవ్వేవాడు. “ఆఫీసులో ముగ్గులేసేది” అనేవాడు. పిన్ని కూడా నవ్వేసేది. అందరూ నవ్వేవాళ్లు. కంపెనీ వేసిన సావనీరు ఒకటి మా ఇంట్లో ఉండేది. అందులో ఆ టెర్మినల్ గురించి రెండు పేజీలున్నాయి. ఏడుగురు ఇంజనీర్ల ఫోటో ఉంది. ట్రేసింగ్ సెక్షన్ అన్న మాట ఎక్కడా లేదు.

పిన్ని దగ్గర ఒక గళ్ల నోట్‌బుక్ మిగిలింది. ఉద్యోగం మానేసినప్పుడు తెచ్చుకుందట. పిల్లల చదువులు అయ్యాక అటకెక్కింది. అందులో పెన్సిల్‌తో నింపిన గళ్లు, రబ్బరుతో చెరిపి మళ్లీ నింపిన గళ్లు, పక్కన ‘బొట్టు ఎక్కువైంది’, ‘మెడ సన్నం చెయ్యాలి’ లాంటి మాటలు. ఇది చాలదా అంటే చాలదు. నోట్‌బుక్ ఎప్పుడు రాసిందో, యంత్రంలోకి వెళ్లిన అక్షరాలు ఇవో కావో నోట్‌బుక్ చెప్పదు. చెప్పాల్సింది యంత్రం.

మొదటి బోర్డు మా కాలేజీ స్టోర్ రూములోనే దొరికింది. ఎప్పుడో ప్రభుత్వ ఆఫీసు నించి వచ్చి మూలన పడింది. బోర్డు మీద 8085 ప్రాసెసర్, పక్కన నాలుగు ఎప్రామ్‌లు. రెండిటి మీద ‘ఎం1’, ‘ఎం2’ అని, మిగతా రెండిటి మీద ‘టి.ఎల్.ఎల్’, ‘టి.ఎల్.ఆర్’ అని చేతిరాత. ఒకదాని కిటికీ మీద కాగితం ఊడిపోయి ఉంది.

ముందు ఫోటోలు తీసుకున్నాను. ఏ చిప్పు ఏ గూట్లో, ఏ వైపు తిరిగి ఉందో రాసుకున్నాను. కిటికీ మూశాను. తుప్పు పట్టిన కాళ్లని మెల్లగా శుభ్రం చేసి చదివే పరికరంలో పెట్టాను. ఒక్కసారి చదివి వదలకూడదు. మూడు నాలుగుసార్లు చదివి, ప్రతులన్నీ ఒకటేనా అని చూసుకోవాలి. మూడు చిప్పులు ప్రతిసారీ ఒకే మాట చెప్పాయి. కాగితం ఊడిన చిప్పు మాత్రం ప్రతిసారీ కొన్నిచోట్ల మాట మార్చింది. నలభై ఏళ్లలో అరల్లోని ఆవేశం కొంత కారిపోయింది. కొన్ని సున్నాలు ఒకట్లుగా మారే అంచున ఉన్నాయి. ఇలాంటప్పుడు 5 వోల్టులకి బదులు కాస్త తక్కువ వోల్టేజి ఇచ్చి చదవాలి. బలహీనపడ్డ సున్నాలు కూడా అప్పుడు సున్నాలుగానే పలుకుతాయి. వోల్టేజి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతే ఒకచోట అన్ని ప్రతులూ ఒక్కటయ్యాయి.

ప్రోగ్రాం చిప్పుల్ని చదవడం నాకు అలవాటైన పనే. 8085 ప్రాసెసర్ సున్నా చిరునామా నించి మొదలుపెడుతుంది. మొదటి బైటు ఎఫ్3. అంటే ‘ఎవరు తలుపు తట్టినా ఇప్పుడు పలకను’ అని, అంతరాయాల్ని ఆపే ఆజ్ఞ. తర్వాత 31, 00, 88. ఈ ప్రాసెసర్ సంఖ్యల్ని వెనకనించి ముందుకి రాసుకుంటుంది కనక అది 8800. ప్రాసెసర్ తాత్కాలికంగా గుర్తుపెట్టుకోవాల్సినవాటిని దొంతరగా పేర్చుకునే చోటు అక్కడ మొదలై కిందికి దిగుతుంది. బోర్డు మీద 2048 బైట్ల తాత్కాలిక మెమరీ చిప్పు ఉంది. అది 8000 నించి 87ఎఫ్ఎఫ్ దాకా ఉందన్నమాట. మూడు బైట్లలో ఇంటి పటంలో ఒక గది తెలిసింది. ఇలా ఒక్కో గదీ గీసుకుంటూ పోతే ఇల్లంతా వస్తుంది. రెండో ప్రోగ్రాం చిప్పు చివర, ఖాళీగా మిగిలిన చోట, ఎవరో మూడు జతల పొడి అక్షరాలు రాసిపెట్టారు. సావనీరులో ఫోటో ఉన్న ఇంజనీర్లలో ముగ్గురి పేర్లకి అవి సరిపోతాయి. ప్రోగ్రాం రాసినవాళ్లు చిత్రకారుల్లా ఒక మూల సంతకం పెట్టుకోవడం అప్పట్లో మామూలే.

‘టి.ఎల్’ చిప్పుల దగ్గర ఇలా చదవడం కుదరదు. అక్కడ ఆజ్ఞలుండవు, బొమ్మలుంటాయి. బైటులోని ఎనిమిది బిట్లని ఎనిమిది గళ్లుగా పరిచి, సున్నాకి తెల్ల గడి, ఒకటికి నల్ల గడి వేసి, ఒక వరస కింద ఒక వరస పేర్చి చూశాను. తెర మీద ఏవో వంపులు, విరిగిన గాజుముక్కల్లాగా. ఏ అక్షరమూ కాదు, కానీ అన్నీ అక్షరాలకి చుట్టాల్లా ఉన్నాయి. తలకట్టు సగం, సున్నా సగం. రెండో చిప్పు కూడా అంతే. అప్పుడు చేతిరాతలోని చివరి అక్షరాలు అర్థమయ్యాయి. ‘ఎల్’ అంటే ఎడమ, ‘ఆర్’ అంటే కుడి. రెండు చిప్పుల్నీ పక్కపక్కన పెట్టి పదహారేసి వరసలుగా కోశాను. అ, ఆ, ఇ, ఈ... తెర నిండా తెలుగు.

తెలుగుకి ఉమ్మడి సంకేతాలు స్థిరపడింది 1991లో. ఇస్కీ ప్రమాణం, యూనికోడ్ మొదటి కూర్పు రెండూ ఆ ఏడాదివే. దానికి ముందు ఎవరి యంత్రం వాళ్ల ఇష్టం. ఈ చిప్పుల్లో అక్షరాల వరస ఏ ప్రమాణానికీ సరిపోదు. మొదట అచ్చులు, తర్వాత తలకట్టుతో హల్లులు, తర్వాత తలకట్టు లేని హల్లులు, గుణింతపు గుర్తులు, చివర ఒత్తులు. పిన్ని నోట్‌బుక్ తెరిచి చూస్తే సరిగ్గా అదే వరస.

ఇక్కడ ఆగి ఉంటే ఇది మంచి ఇంటి కథ అయ్యేది. కానీ పని అక్కడితో అయిపోలేదు. వరస కలిసినంత మాత్రాన గీత కలిసినట్టు కాదు. నోట్‌బుక్‌లోని ప్రతి గడినీ కంప్యూటర్లోకి ఎక్కించి, చిప్పులోని అక్షరాలతో గడికి గడి పోల్చాను. దాదాపు అన్నీ కలిశాయి. రబ్బరుతో చెరిపి దిద్దిన చోట దిద్దిన రూపమే చిప్పులో ఉంది. కలవనివి ఆరు అక్షరాలు. ఘ, ఛ, ఢ, ధ, ఫ, భ. ఆరింటికీ కింద చిన్న గీత ఉంటుంది. నోట్‌బుక్‌లో ఆ గీతకీ అక్షరానికీ మధ్య ఒక గడి ఖాళీ వదిలింది పిన్ని. చిప్పులో గీత అక్షరానికి అంటుకుపోయింది.

ఏడాది తర్వాత ఒక తుక్కు సామాను కొట్లో అలాంటిదే రెండో బోర్డు దొరికింది. దాని చిప్పుల మీద రాసిన తేదీ మొదటిదానికన్నా ఏడు నెలలు ముందు. చదివాను. రెండు బోర్డుల అక్షరాల్నీ బైటుకి బైటు పోల్చితే ఆ ఆరు అక్షరాల దగ్గరా, చివర తప్పొప్పులు సరిచూసుకునే మొత్తం దగ్గరా మాత్రమే తేడా. ముందు తయారైన బోర్డులో ఆ ఆరూ నోట్‌బుక్‌లో ఉన్నట్టే, గడి ఖాళీ వదిలి ఉన్నాయి.

ఈ పనిని మన పరిభాషలో పాఠపరిష్కరణ అనాలి. రెండు ప్రతుల మధ్య తేడా దొరికితేనే ఏది ముందు, ఏది తర్వాత, ఎవరి చెయ్యి ఎక్కడ పడింది అన్న ప్రశ్న పుడుతుంది. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ విషయంలో బెంగుళూరు నాగరత్నమ్మ చేసింది ఇదే కదా. అంతకుముందు అచ్చయిన పుస్తకంలో కొన్ని భాగాలు లేవని గమనించి, పూర్తి పాఠం సంపాదించి, 1910లో అచ్చువేయించింది. మరుసటి ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అచ్చు పుస్తకాన్ని ఒక్కదాన్నే చూస్తూ కూచుంటే అందులో ఏం పోయిందో ఎన్నటికీ తెలియదు. పక్కన ఇంకో ప్రతి ఉండాలి. తీసేసినవాళ్లు తీసేసిన గుర్తులు వదలరు కాబట్టి, ఖాళీకి అర్థం ఇంకో ప్రతి దగ్గరే దొరుకుతుంది. నా చిప్పుల ఖాళీల విషయంలో కూడా అంతే.

ఇదంతా చార్టులు వేసుకుని పిన్ని దగ్గరికి వెళ్లాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి బోర్డు అక్షరాల్ని చాలాసేపు చూసింది. వేలితో ‘ధ’ దగ్గర ఆగింది.

“ఇది నాది కాదే” అంది.

“నీది కాదా పిన్నీ?”

“గీత అంటించేశారు. అంటిస్తే ఆ తెర మీద ‘ద’కీ ‘ధ’కీ తేడా తెలియదని అప్పుడే చెప్పాను. వెలుగు అలుక్కుపోయేది ఆ తెర మీద. మధ్యలో ఒక గడి చీకటి ఉంటేనే గీత గీతలా కనబడేది. ఆ సారుకేమో విడిగా ఉంటే తెర మీద దుమ్ము పడ్డట్టుందిట. నువ్వు ట్రేసర్‌వి, చెప్పింది గియ్యి అన్నాడు. నేను గియ్యనన్నాను. ఇంకెవరి చేతో మార్పించుకున్నాడు.”

రెండో బోర్డు కాగితం చూపించాను. అందులోని ‘ధ’ చూసి ఏమీ అనలేదు. కాసేపటికి, “ఇదీ నాది” అంది. ఆ కాగితం మడిచి నోట్‌బుక్‌లో పెట్టుకుంది.

నేను దీనిమీద ఒక పేపరు రాసి పంపితే, ఇది సాంకేతిక చరిత్ర కాదు, కుటుంబ జ్ఞాపకం అని ఒక సమీక్షకుడు తిప్పి పంపాడు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. చిప్పుల వల్ల ఏం రుజువైంది? నోట్‌బుక్‌లోని రూపాలే ముందు యంత్రంలోకి వెళ్లాయని రుజువైంది. తర్వాత ఆరు అక్షరాల్ని ఎవరో మార్చారని రుజువైంది. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో, గదిలో ఏ మాటలు నడిచాయో చిప్పు చెప్పదు. అది పిన్ని నోటిమాట. బైట్లకి ఆడామగా తేడా లేదు. ఈ ప్రోగ్రాం చూస్తే స్త్రీ రాసినట్టుంది అని ఎవరైనా అంటే నేను నమ్మను. సున్నితంగా ఉంది కాబట్టి ఆడవాళ్లదే అనడం షిప్‌రాక్ కంపెనీ పుస్తకం చేసిన పనే అవుతుంది. అందుకే నేను పిన్ని మాటని చిప్పు సాక్ష్యంతో కలిపి కలగాపులగం చెయ్యను. రెండిటినీ పక్కపక్కన పెడతాను, ఎడమ చిప్పు, కుడి చిప్పు పెట్టినట్టు. విడివిడిగా అవి ముక్కలే.

కానీ సమీక్షకుడు ఒక విషయం అడగలేదు. ఇంజనీర్ల పొడి అక్షరాలు చిప్పులో దొరికితే దాన్ని సాంకేతిక చరిత్ర అంటాం. దానికి ఎవరి కుటుంబమూ సాక్ష్యం చెప్పక్కర్లేదు. ప్రోగ్రాం చిప్పులో చివర కాస్త చోటు మిగులుతుంది, రాసినవాళ్లు పేరు పెట్టుకోవచ్చు. అక్షరాల చిప్పులో ప్రతి గూడూ ఒక అక్షరానిది. మిగిలిన ఖాళీ గూళ్లలో ఏదైనా రాయాలన్నా, చిప్పుని కాల్చే యంత్రం ఉన్న గదిలోకి ట్రేసర్లకి ప్రవేశం లేదు. పిన్ని గళ్లు నింపిచ్చేది. ఆ గళ్లని సంఖ్యలుగా మార్చి చిప్పులోకి ఎక్కించేది వేరేవాళ్లు. సంతకం పెట్టడానికి చెయ్యి ఉంటే చాలదు, ఆ గది తలుపు కూడా తెరిచి ఉండాలి. ఎవరి సంతకం దొరికిందన్న దాన్నిబట్టి కర్తృత్వాన్ని నిర్ణయిస్తే, ఆ తలుపు దగ్గర ఎవర్ని ఆపారో వాళ్లని రెండోసారి ఆపినట్టే.

ఈ చిప్పుల్లోని పాఠాన్నీ, రెండు ప్రతుల తేడాల్నీ, నోట్‌బుక్ ఫోటోల్నీ కలిపి ఒక చోట భద్రపరిచాను. ‘అక్షర రూపాలు’ అన్న చోట ఎవరి పేరు రాయాలి? నేను పిన్ని పేరు రాసి, ఆవిడకి చూపించాను. ఆవిడ ఒప్పుకోలేదు.

“నేనొక్కదాన్నేనా గీసింది? అచ్చులు, హల్లులు నావి. గుణింతాలు ఆ పొట్టి అమ్మాయి గీసింది. ఒత్తులన్నీ కూచుని ఓపిగ్గా చేసింది ఇంకొకావిడ, తర్వాత ఉద్యోగం పోయింది ఆవిడకి, కడుపుతో ఉందని. నోట్‌బుక్ నా దగ్గరుంది కాబట్టి నా పేరు రాస్తావా?”

నిజమే. నోట్‌బుక్‌ని మళ్లీ చూస్తే చేతిరాతలు మూడున్నాయి. గళ్లు నింపే తీరు కూడా మూడు రకాలు. ఒకరు గడి మొత్తం నలుపు చేస్తారు, ఒకరు అడ్డగీత కొడతారు, ఒకరు చుక్క పెడతారు. ఒత్తులన్నీ చుక్కలే. పిన్నికి ఇద్దరి పేర్లూ గుర్తున్నాయి, ఇంటిపేర్లు గుర్తులేవు. ఒకావిడ అల్వాల్ నించి బస్సులో వచ్చేదట. కంపెనీ రికార్డుల్లో తాత్కాలిక ఉద్యోగుల పట్టికలు ఎవరి దగ్గరా లేవు. అవి ఉండి పోయాయో, అసలు రాయనేలేదో ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు లేరు.

ప్రస్తుతానికి ఆ చోట ‘ట్రేసింగ్ సెక్షన్, ముగ్గురు స్త్రీలు’ అని ఉంది. పిన్ని పేరు మొదట రాసి, మిగతా రెండు గళ్లు ఖాళీగా ఉంచి, అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో కింద వివరంగా రాశాను. అలా వివరం రాసి ఉన్న ఖాళీని, ఎవరూ లేని ఖాళీ అని రేపు ఎవరూ పొరబడరు.

ఇలాంటి నోట్‌బుక్కులు ఇంకా ఉండే ఉంటాయి. ఎనభైల్లో డ్రాయింగ్ ఆఫీసుల్లో, సోల్డరింగ్ బల్లల దగ్గర, డేటా ఎంట్రీ హాళ్లలో పనిచేసిన స్త్రీలు ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉన్నారు. చిప్పుల్లోని ఆవేశమూ కారిపోతూనే ఉంది. ఈ వ్యాసం చదివే మీలో ఎవరి అమ్మో, అత్తో, పిన్నో అలాంటి చోట పనిచేసి ఉంటే, అటక మీది ట్రంకు పెట్టె పాత పేపర్లవాడికి వేసే ముందు ఒకసారి తెరిచి చూడండి. ఆవిడ బతికి ఉంటే పక్కన కూచోబెట్టుకుని అడగండి. నాకు మాత్రం గుణింతాలు గీసిన అమ్మాయీ, ఒత్తులు గీసిన ఆవిడా దొరకాలి. పిన్ని ఆ ఒత్తుల గురించి ఇప్పటికీ చెబుతుంది, అంత చిన్న చోట ‘క్ష’ని అంత శుభ్రంగా కూర్చోబెట్టడం తన వల్ల అయ్యేది కాదని.